జులైలో రాని పంట

జూన్ పద్నాలుగున నా నాచంతా ఒక్క పూటలో చచ్చిపోయింది.

నాచు అనగానే బావిమెట్ల మీద కాలు జారే పచ్చటి పాచి గుర్తొస్తుంది చాలామందికి. నేను పెంచేది అది కాదు. ఉప్పునీళ్ళలో బతికే ఒంటికణం జీవి. కంటికి ఆనదు. మైక్రోస్కోపులో చూస్తే కదురులా సన్నగా, రెండు కొసలా మొనదేలి ఉంటుంది. కోట్ల కణాలు చేరితే నీళ్ళు ముదురు తేనె రంగుకి తిరుగుతాయి. ఆ రంగులోనే ఫ్యూకోజాంతిన్ అనే పదార్థం ఉంటుంది. కాలేయంలో కొవ్వు కరగడానికి అది పనికొస్తుందేమోనని చాలాచోట్ల పరిశోధనలు జరుగుతున్నాయి. ఎలుకల్లో బావుందన్నారు. మనుషుల్లో ఇంకా తేలలేదు. 'పనికొస్తుందేమో' అన్న మాటలోంచి ఆ 'ఏమో'ని తీసేసి అమ్ముకునేవాళ్ళతోనే నా పేచీ.

మా కంపెనీ మోరిస్‌విల్‌లో, ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారిలో ఒక పాత గోదాములో ఉండేది. ఓనరు దివాకర్ గారు. పాతికేళ్ళు సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ నడిపి, దాన్ని అమ్మేసి, 'హెల్త్ స్పేస్‌లోకి' వచ్చారు. తెలుగు సంఘం సభ ఎక్కడ జరిగినా ముందు వరసలో కనబడతారు. నాచు పెంచడం తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే. ముప్ఫై గాజు పలకల తొట్లు, వాటిలో తయారుచేసిన సముద్రపు నీళ్ళు, కింద నుంచి గాలి బుడగలు, పక్క నుంచి దీపాలు. మూడేళ్ళు పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నాను వాటిని. కోసి ఎండబెట్టిన పొడిని గొట్టం మాత్రల్లో నింపి సీసాల్లో అమ్మేది కంపెనీ.

నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ఒక్కటే ఉంది, అది ఆగితే ఏమీ మిగలదు, రెండోది కొనండని ఏప్రిల్‌లోనే చెప్పాను. "నెక్స్ట్ క్వార్టర్ చూద్దామమ్మా" అన్నారు. జూన్‌లో ఎండలు ముదిరాక ఒక శనివారం అది ఆగింది. ఫోన్‌లో అలారం మోగి నేను పరుగెత్తేసరికే నీళ్ళు ముప్ఫై నాలుగు డిగ్రీలున్నాయి. నా కళ్ళ ముందే ఒక్కో తొట్టీ పాలు విరిగినట్టు విరిగింది. నాచు పొరలు పొరలుగా అడుగుకి దిగిపోయి, పైన తెట్టు కట్టి, సాయంత్రానికి గోదామంతా కుళ్ళు వాసన.

ఫ్రిజ్‌లో దాచిన ఒక చిన్న ఫ్లాస్కు మిగిలింది. తోడు మిగిలితే పెరుగు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఫ్లాస్కు నుంచి సీసాకి, సీసా నుంచి డబ్బాకి, డబ్బా నుంచి తొట్టికి. మళ్ళీ పంట కోతకొచ్చేసరికి ఆగస్టు అవుతుందని దివాకర్ గారికి రాతపూర్వకంగా చెప్పాను. "టేక్ యువర్ టైమ్" అని జవాబిచ్చారు. నేను ఆశ్చర్యపోయాను కూడా. ఇంత పెద్దమనసా అనుకున్నాను.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. మా ఆయన ఉదయ్‌ని మార్చిలో లేఆఫ్ చేశారు. అరవై రోజులు వెతికి, ఏదీ దొరక్క, నా వీసా మీద డిపెండెంట్‌గా మారాడు. దాంతో మేం ముగ్గురం, అంటే నేనూ, ఉదయ్, నాలుగో తరగతి చదివే మా హంసికా, ఈ దేశంలో ఉండటానికి ఆధారం నా ఉద్యోగం ఒక్కటే. గ్రీన్‌కార్డ్ కాగితాలు దివాకర్ గారి లాయర్ దగ్గర సగంలో ఉన్నాయి.

*

జులై మూడో వారంలో ఒక సాయంత్రం లక్ష్మీకాంతం గారితో కలిసి నడుస్తున్నాను. మా టౌన్‌హోమ్‌ల వెనక కుంట చుట్టూ రోజూ రెండు రౌండ్లు వేయడం మా ఇద్దరికీ అలవాటు. ఆవిడది గుడివాడ. భర్త పోయాక కొడుకు అనీష్ దగ్గరికి వచ్చి పదేళ్ళయింది. మా ఎదురిల్లే. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అంటాను. అల్లం పచ్చడి పెడితే మాకు ఒక సీసా రాకుండా ఉండదు.

"నీ మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందే అమ్మాయ్. నాలుగు పౌన్లు తగ్గాను" అన్నారావిడ.

"అది మందు కాదు పిన్నిగారూ, నేను చెప్పానుగా."

"నువ్వలాగే అంటావులే. దివాకర్ చెప్పాడు, మోకాళ్ళకీ షుగర్‌కీ కూడా మంచిదట. ఈ కాగితం చూడు."

సంచిలోంచి సీసాతో పాటు ఒక కరపత్రం తీశారు. తెల్లకోటు వేసుకుని తొట్ల ముందు నవ్వుతున్న నా ఫొటో. దాని కింద తెలుగులో: 'మన తెలుగింటి ఆడపడుచు, డాక్టర్ శ్రీవిద్య స్వయంగా పెంచిన సముద్ర సంజీవని. షుగర్, మోకాళ్ళ నొప్పులు, కొవ్వు సమస్యలకు.' ఒళ్ళంతా కారం రాసినట్టయింది. అలా రాయడం తప్పు, చట్టానికి కూడా తప్పు. ఆ కోపంలోనే సీసా ఇలా ఇవ్వండని తీసుకుని తిప్పి చూశాను. పంట కోసిన తేదీనే బ్యాచ్ నంబరుగా వేసే పద్ధతి పెట్టింది నేనే కాబట్టి చూడగానే అర్థమైంది. జులై తొమ్మిది.

జులై తొమ్మిదిన నా దగ్గరున్న నాచంతా కలిపితే రెండు బకెట్లు నిండదు.

"ఏంటమ్మా, డేట్ అయిపోయిందా?" అన్నారు పిన్నిగారు.

"లేదు. రెండు గొట్టాలు నాకివ్వండి, చూసి చెప్తాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌లో వాటిని విప్పాను. పొడి వాసన చూసినప్పుడే తెలిసింది. మైక్రోస్కోపు కింద పెడితే, ఇటుకలు పేర్చినట్టున్న పెద్ద పెద్ద కణాల ముక్కలు. ఏదో సముద్రపు కలుపుని, అదే సీవీడ్‌ని, ఎండబెట్టి దంచిన పొడి. గంటసేపు వెతికాను. కదురులాంటి నా కణం ఒక్కటంటే ఒక్కటి లేదు.

దివాకర్ గారు ఆఫీసులో సంఘం వేడుకల స్టాల్ డిజైన్ చూసుకుంటున్నారు.

"సార్, జులై తొమ్మిది బ్యాచ్‌లో ఉన్నది ఏంటి?"

ఆయన తొణకలేదు. "బ్రిడ్జ్ స్టాక్ అమ్మా. నీ ట్యాంకులు పడిపోయాయి. ఆర్డర్లు ఆగవు కదా. సీవీడ్ పౌడర్ తెప్పించాను. అందులోనూ ఫ్యూకోజాంతినే. మాలిక్యూల్ సేమ్. అదీ సముద్రమే, ఇదీ సముద్రమే."

"సీవీడ్‌లో అయోడిన్ విపరీతంగా ఉండొచ్చు సార్. ఆర్సెనిక్ ఉండొచ్చు. టెస్ట్ చేయించారా?"

"పంపించాం. రిపోర్ట్ వస్తుంది."

"రిపోర్ట్ రాకుండానే అమ్మేశారా? మరి బ్యాచ్ క్వాలిటీ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు చేశారు?"

ఆయన మానిటర్ నా వైపు తిప్పి చూపించారు. శ్రీవిద్య. నా సంతకమే. చివరి అక్షరం కింద నేను గీసే గీతతో సహా.

"టెంప్లేట్‌లో ఉంటుంది కదమ్మా. ఆటోమేటిక్‌గా వచ్చేసింది."

నా సంతకం ఆటోమేటిక్‌గా వచ్చేసిందట! ఎనిమిదేళ్ళు ల్యాబుల్లో కళ్ళు పోగొట్టుకుని సంపాదించుకున్న పేరది. తను చేసింది తప్పని ఆయనకి తెలియక కాదు. తెలిసీ, నేనేం చేయలేనని కూడా తెలిసి, ఒక ఫొటోకాపీ మెషీన్ గురించి మాట్లాడినట్టు మాట్లాడారు.

"వెనక్కి తెప్పించండి సార్. అమ్మినవన్నీ."

"చూద్దాం. నువ్వు ఎమోషనల్ అవ్వకు" అని, ఎంతో ఆప్యాయంగా అడిగారు. "ఉదయ్‌కి ఏమైనా దొరికిందా? పాప ఇప్పుడు ఏ గ్రేడమ్మా?"

అంతకు మించి అనాల్సిన పనీ లేదు.

*

ఉదయ్ ఆ రోజు హంసికని స్విమ్మింగ్ నుంచి తీసుకొచ్చి వంట చేస్తున్నాడు. ఉద్యోగం పోయాక వంటగది మొత్తం తనదే. నేను చెప్పిందంతా విన్నాడు. స్టవ్ కట్టేశాడు.

"కంప్లైంట్ ఇస్తాను" అన్నాను.

"ఇద్దువుగాని. ఒక్క నెల ఆగు. రెండు చోట్ల ఫైనల్ రౌండ్‌లో ఉన్నాను. నాకు ఒక్క ఆఫర్ రానీ, తర్వాత వాడి గోదాము తగలబెట్టినా నేను అడగను."

"నెలరోజులు జనం మింగుతారు ఉదయ్."

"వాళ్ళు మింగేది సీవీడ్. విషం కాదు. జపాన్‌లో అన్నంలో పెట్టుకుని తింటారు."

"నా పేరు చెప్పి మింగిస్తున్నాడు."

"తెలుసు విద్యా. నాకు జాబ్ ఉండుంటే నిన్ను ఆపేవాణ్ణా? ఆయన నీ వీసా పిటిషన్ వెనక్కి తీసుకుంటే సిక్స్టీ డేస్‌లో దేశం వదలాలి. హంసికని అక్టోబర్‌లో మిడిల్ ఆఫ్ స్కూల్ లాక్కుపోవాలి. ప్లీజ్. ఎక్కడా నా పేరు, నీ పేరు రాయకు. ఇప్పుడు కాదు."

హంసిక మెట్ల మీద నిలబడి వింటోంది. "అమ్మా, ఆర్ వి మూవింగ్?" అంది. "లేదు నాన్నా" అన్నాం ఇద్దరం ఒకేసారి.

నేను ఆగాను. ఇది దాచను. దివాకర్ గారి మీద నాకెంత మండిందో, ఆ వారమంతా నా మీద నాకూ అంతే మండింది. దొంగ సంతకం ఆయన పెట్టాడు. నోరు మూసుకున్నది మాత్రం నేనే.

పిన్నిగారికి మాత్రం చెప్పాను. చెప్పానంటే, సగం చెప్పాను.

"ఆ గొట్టాలు కొన్నాళ్ళు ఆపేయండి."

"ఎందుకమ్మా? ఏమైనా తేడా ఉందా?"

"అదేం లేదు. కొత్త స్టాక్ వచ్చాక వేసుకుందురుగాని."

"సరేలే" అన్నారు. ఎందుకో చెప్పకుండా ఆపమంటే ఎవరాపుతారు? మోకాలి నొప్పి తగ్గినట్టుందని ఆవిడ మానలేదు. బరువు కూడా తగ్గుతోంది కదా అని, రోజుకి ఒకటి వేసుకునేది రెండు చేశారట. అది నాకు తెలియదు. అడగలేదు కూడా.

*

ఆగస్టు పదమూడున మధ్యాహ్నం అనీష్ ఫోన్ చేశాడు. అమ్మకి గుండె దడ, చేతులు వణుకుతున్నాయి, హాస్పిటల్‌లో ఉన్నాం, తను ఒక అరగంట ఇంటికెళ్ళి బట్టలు తెచ్చుకుంటాడు, అంతసేపూ ఎవరైనా పక్కనుంటే బావుంటుందని. నేను వెళ్ళేసరికి అతనింకా గదిలోనే ఉన్నాడు. పిన్నిగారు మంచంలో సగమైపోయి ఉన్నారు. నాలుగు పౌన్లు కాదు, పదిహేను పౌన్లు తగ్గారు. రెండు వారాలుగా ఆవిడ నడకకి రాకపోతే, ఎండలకి కాబోలు అనుకున్నాను.

డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, ఓపిగ్గా మాట్లాడే మనిషి. గొంతులో ఎప్పటినుంచో ఉన్న థైరాయిడ్ గడ్డ ఉన్నట్టుండి రెచ్చిపోయిందంది. ఇలా జరగాలంటే ఎక్కడినుంచో అయోడిన్ బాగా ఒంట్లోకి వెళ్ళి ఉండాలట. "కెల్ప్, సీవీడ్, అలాంటి సప్లిమెంట్లు ఏమైనా వాడుతున్నారా?"

"నో, నథింగ్ లైక్ దట్" అన్నాడు అనీష్. తల్లి వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

పిన్నిగారు నా వైపు చూశారు. ఒక్క క్షణమే. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఏమీ లేదని చెప్పు బాబూ" అన్నారు.

నా పేరు చెడిపోతుందని, ఆ మనిషి తన గుండెని పణంగా పెట్టి అబద్ధమాడుతోంది.

"షీ టేక్స్ వన్" అన్నాను. "నేను చెప్తాను, రాసుకోండి." బ్యాచ్ నంబరు చెప్పాను. అందులో ఉన్నదేంటో చెప్పాను. సీసా మీద రాసున్నది వేరని చెప్పాను.

డాక్టరమ్మ తలెత్తింది. "మీకెలా తెలుసు?"

"దాన్ని నేను తయారుచేశానని రాసుంటుంది" అన్నాను. "నేను చేయలేదు."

ఆమె రాసుకుని, వెంటనే ఎవరికో ఫోన్ చేస్తూ బయటికి వెళ్ళింది. అనీష్ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకు చెప్పావే? నీ ఉద్యోగం..." అన్నారు పిన్నిగారు.

"ముందే చెప్పాల్సింది పిన్నిగారూ" అన్నాను.

ఆ సాయంత్రమే, వెలుతురుండగానే, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆహారాన్నీ మందుల్నీ తనిఖీ చేసే ఫెడరల్ ఆఫీసుకి ఫిర్యాదు రాశాను. సర్టిఫికెట్ కాపీ, ఆ వారంలో నా తొట్ల రికార్డు, మైక్రోస్కోపు ఫొటోలు. ఉదయ్ ఎదురుగా కూర్చున్నాడు. వద్దనలేదు. సరేననీ అనలేదు. నేను 'సెండ్' నొక్కాక లేచి వెళ్ళి హంసిక హోంవర్క్ చూశాడు.

*

ఐదో రోజున నన్ను తీసేశారు. 'రీస్ట్రక్చరింగ్' అన్నారు. నేను అప్పటికి మళ్ళీ పెంచిన నాచు, సరిగ్గా కోతకొచ్చి తేనె రంగులో మెరుస్తున్న నా నాచు, లోపల ఉండిపోయింది. నేను బయట కార్ పార్కింగ్‌లో నిలబడ్డాను. బ్యాడ్జి తీసుకున్న సెక్యూరిటీ మనిషి మాత్రం సారీ అన్నాడు.

ఇక మనవాళ్ళ సంగతి. వాట్సాప్ గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు. "మనవాడి మీద మనమే కంప్లైంట్ ఇచ్చుకుంటే తెల్లవాళ్ళ ముందు ఏం పరువు?" అని ఒకాయన ఇంటికొచ్చి మరీ చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. పరువట! ముసలావిడ గుండె గంటకి ఎన్ని మైళ్ళు పరుగెత్తిందో అడిగినవాడు లేడు. సెప్టెంబర్ వేడుకల్లో దివాకర్ గారికి శాలువా కప్పారు. మహిళా శాస్త్రవేత్తల్ని ప్రోత్సహించినందుకు. ఆ ఫొటో నాకెవరో పంపించారు కూడా.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. అరవై రోజుల గడువులో యాభై మూడో రోజున విల్మింగ్టన్ దగ్గర ఒక యూనివర్సిటీ ల్యాబ్ నా వీసా పిటిషన్ వేసింది. ఆల్చిప్పల పిల్లలకి మేతగా నాచు పెంచే పని. జీతం తక్కువ. గ్రీన్‌కార్డ్ మళ్ళీ మొదటి నుంచి. ఉదయ్‌కి ఇంకా ఏదీ రాలేదు. హంసిక అక్టోబర్‌లోనే స్కూల్ మారింది. దివాకర్ గారు ఆ సీసాలన్నీ 'స్వచ్ఛందంగా' వెనక్కి తెప్పించుకున్నారు. విచారణ ఇంకా నడుస్తోంది. పిన్నిగారు కోలుకున్నారు, కాని రోజూ మూడు మాత్రలు మింగుతున్నారు. అవి మాత్రం నిజం మందులే.

ఆ ఏడాది గురించి చెప్పాల్సిన రోజు ఇంకొకటుంది. నేను ఖాళీగా ఉన్న సెప్టెంబర్ ఆఖర్లో, పొద్దున పదకొండింటికి, పిన్నిగారు మా ఇంటికి వచ్చారు. చేతికర్ర పట్టుకుని రోడ్డు దాటి ఒక్కరే వచ్చారు. ఫెడరల్ ఆఫీసు నుంచి విచారణాధికారి ఆవిడతో ఫోన్‌లో మాట్లాడాలని కబురు చేసింది. అనీష్ వద్దన్నాడట, గొడవల్లోకి మనమెందుకని. అతను ఆఫీస్‌కి వెళ్ళాక వచ్చారావిడ.

"నాకు ఇంగ్లీష్ సరిగ్గా రాదు. నువ్వు చెప్పమ్మా" అన్నారు నాతో.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. ఫిర్యాదు చేసిన మనిషి తర్జుమా చేయకూడదని అధికారి చెప్పింది. ఆఫీసు నుంచి మనిషిని పెట్టాలంటే ఇంకో రెండు వారాలు పడుతుందట. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఉదయ్ వంటగదిలో ఉన్నాడు. నేను పిలవలేదు. అతనే చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

పిన్నిగారు మొదలుపెట్టారు. సీసా ఎవరిచ్చారు, ఏం చెప్పి ఇచ్చారు, ఎన్ని వేసుకున్నారు, ఏ రోజు దడ మొదలైంది. ఉదయ్ వాక్యం వాక్యం చెప్తున్నాడు. చివర్లో, కంపెనీ గురించి మీరేమైనా చెప్పదలచుకున్నారా అని అడిగింది అధికారి.

"చెప్తాను. ఆ దివాకర్ ఈ పిల్ల బొమ్మ చూపించి నాకు అబద్ధం అమ్మాడు. నేను ఆ బొమ్మని నమ్మి మింగాను. ఈ పిల్ల సంతకాన్ని దొంగిలించాడు. అది చెప్పు."

ఉదయ్ గొంతు సవరించుకున్నాడు. "షీ ఫీల్స్ ది కంపెనీ వజ్ నాట్ కేర్‌ఫుల్ ఇనఫ్..."

పిన్నిగారి కర్ర నేలకి టక్కున తగిలింది.

"నాట్ కేర్‌ఫుల్ ఏంటయ్యా? ఆ మాత్రం ఇంగ్లీష్ నాకు తెలుసులే. నేను అజాగ్రత్త అన్నానా? అబద్ధం అన్నాను. దొంగతనం అన్నాను. నేను మెత్తగా చెప్పలేదు, నువ్వూ మెత్తగా చెప్పకు."

ఉదయ్ నా వైపు చూశాడు. అతను ఫోన్‌ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఐ యామ్ సారీ. లెట్ మీ కరెక్ట్ దట్" అన్నాడు. "షీ సెడ్ హి లైడ్ టు హర్. షీ సెడ్ హి స్టోల్ మై వైఫ్స్ సిగ్నేచర్. అండ్ హి డిడ్."

అవతల కీబోర్డు చప్పుడు. తర్జుమా చేసినవారి పేరు రికార్డులో ఉండాలి, కాస్త అక్షరాలు చెప్తారా అంది ఆమె.

"యు, డి, ఏ, వై" అన్నాడు ఉదయ్.

"ఇంటిపేరు కూడా చెప్పవయ్యా" అన్నారు పిన్నిగారు.

చెప్పాడు.